కానూరి లక్ష్మణరావు

డా. కానూరి లక్ష్మణరావు (జూలై 15, 1902 - మే 18, 1986) సుప్రసిద్ధ ఇంజనీరు, కేంద్ర మంత్రి, పద్మభూషణ్ పురస్కార గ్రహీత. కె.ఎల్.రావుగా ప్రసిద్ధుడు. ఆనకట్టల రూపకల్పనలో నిపుణుడు.

జననం, విద్య

లక్ష్మణరావు కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. పాఠశాలలో ఆడుకుంటుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయింది. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. కొంతకాలం రంగూన్‌లో అధ్యాపకుడిగా పనిచేసాడు. కట్టడాల దృఢత్వం, ఉక్కు కడ్డీల కాంక్రీటు గురించి గ్రంథం రచించాడు.

నాగార్జున సాగర్

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జున సాగర్ ఆనకట్ట రూపకల్పనలో ఈయనది ముఖ్యపాత్ర. సిమెంటు, యంత్రాలు కొరతగా ఉన్న ఆ రోజులలో దీనిని రాతికట్టడంగా నిర్మించారు. దానివలన వేలాది కూలీలకు పని దొరికింది. రాతికట్టడం నొక్కుడు బలాన్ని బాగా తట్టుకుంటుంది గాని, లాగుడు బలానికి రాళ్ళ మధ్యనున్న అతుకుల వద్ద విడిపోతుంది. అందుచేత ఇటువంటి ఆనకట్టలు తమ బరువుతోనే నీటి ఒత్తిడికి ఎదురు నిలిచేటట్లు రూపొందిస్తారు. 1967 ఆగష్టు 4న కాలువలకు నీరు విడుదలయింది.

రాజకీయ జీవితం

1962, 1967, 1971 ఎన్నికలలో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుత్తు శాఖ మంత్రి అయ్యాడు. గంగా-కావేరి అనుసంధానాన్ని ప్రతిపాదించాడు.

పులిచింతల

కృష్ణా డెల్టాకు సకాలంలో నీరందించడానికి, ప్రకాశం బ్యారేజీకి సుమారు 85 కి.మీ. ఎగువన నిర్మించిన పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్.రావు సాగర్ అని పేరు పెట్టారు. 2013లో ప్రారంభమైన దీని నిల్వ సామర్థ్యం 45.77 టి.ఎం.సి. 2021 ఆగష్టు 5న, నీరు విడుదల చేస్తున్న సమయంలో, 16వ గేటు కొట్టుకుపోయింది. ఇటువంటి గేట్లలో ఉక్కు పలకపై పడిన నీటి ఒత్తిడి ఉక్కు చేతుల ద్వారా ఇరుసులకు, అక్కడి నుండి స్తంభాలకు చేరుతుంది. ఈ మార్గంలో ఏ ఒక్క అతుకు విఫలమైనా గేటు నిలువదు. నిల్వ నీటిని దిగువకు వదిలి, ఆ ఖాళీలో తాత్కాలిక ఉక్కు పలకలు అమర్చవలసి వచ్చింది.

స్మారకాలు

విజయవాడ వన్ టౌన్‌కు దగ్గరలోని చిట్టినగర్‌లో ఈయన పేరిట పార్కు ఉంది.