కాశీపురపు తోటలో తండ్రిసేవ

గృహమున తండ్రికి అసాధ్యమైన వ్యాధి సంభవించినప్పుడు మొట్టమొదట చెదరిపోవునది ఆ యింటి నిత్యకృత్యము. వంటవేళ తప్పును. దీపారాధన తొందరగా ముగియును. ధనము లెక్క చూచుకొనవలసివచ్చును. వచ్చిన బంధువు తలకొక ఔషధము చెప్పిపోవును. మా ఆత్మకూరు ప్రాంతమున ఇట్టి కుటుంబములవారు రోగిని కర్నూలునకో, హైదరాబాదునకో, చెన్నపట్టణమునకో కొనిపోయి, అహోబిలమున నృసింహస్వామికి ముడుపు కట్టుకొనుట పరిపాటి. ఇంత కొలిచిన స్వామి ఏల మాన్పకున్నాడను ప్రశ్న వారి నోటికి రాకున్నను మనసున మెదలుచునే యుండును. ఆ ప్రశ్న అడుగుట అపచారమేమోయని భయపడువారును గలరు.

ఆ ప్రశ్నను ఒక మహాత్ముని శయ్య చెంతనే, ఆయన ప్రియశిష్యులే, ఆయననే సూటిగా అడిగిరి. ఆయన దక్షిణేశ్వరమున వెలసిన శ్రీరామకృష్ణ పరమహంసలవారు. వారికి కన్నబిడ్డలు లేరు. అయినను వారి కడపటి పదునొకండు మాసములలో కన్నకొడుకులను మించి సేవచేసిన పుత్రులు గలరు, అన్నము వండిపెట్టిన ధర్మపత్ని గలదు, ఇంటి అద్దె భరించిన గృహస్థులు గలరు. ఒక కుటుంబము రోగి చుట్టును ఎట్లు నిలువవలెనో తెలిసికొనుటకు ఆ చరిత్రను మించినది నాకు కానరాలేదు.

పరమహంసలవారు కాళికోపాసకులని మన వైష్ణవ గృహములలో కొందరు వారి చరిత్రకు ఎడముగా నుందురు. వారి పుట్టిల్లు రామభక్తుల యిల్లు. వంగదేశమున హుగ్లీ మండలము కామార్పుకూరు గ్రామమున 1836వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీన వారు జన్మించిరి. తండ్రి క్షుదిరామ చట్టోపాధ్యాయులు, తల్లి చంద్రమణీదేవి. ఇంటి ఇలవేల్పు రఘువీరుడు, సాలగ్రామరూపి. తండ్రి గయాక్షేత్రమునకు పోయినప్పుడు గదాధరుడైన విష్ణువు స్వప్నమున కనిపించెననియు, అందుచేతనే బిడ్డకు గదాధరుడని పేరిడిరనియు చెప్పుదురు. రాణీ రాసమణి కట్టించిన దక్షిణేశ్వరాలయము 1855 మే 31వ తేదీన ప్రతిష్ఠితమైన పిమ్మట గదాధరునకు అప్పగింపబడిన అర్చనలలో రాధాకాంతుని సన్నిధియు ఒకటి.

ఆ రాధాకాంతుని విషయమున జరిగిన ఒక సంగతి చెప్పక ముందునకు పోలేను. ఒకనాడు అర్చకుడు కాలుజారి పడగా గోవిందవిగ్రహము పాదము విరిగెను. భిన్నబేరమును గంగలో విడిచి క్రొత్త విగ్రహమును ప్రతిష్ఠింపవలెనని పండితులు ధర్మనిర్ణయము చేసిరి. ఆగమమును బట్టి చూచిన ఆ మాట తప్పు కాదు. గదాధరుడు మాత్రము వేరుగా తలచెను. రాణీగారి అల్లుళ్లలో ఎవరికైన కాలు విరిగినయెడల ఆయనను పారవైచి మరియొకరిని తెచ్చుకొందురా, లేక వైద్యము చేయింతురా అని అడిగి, తానే ఆ పాదమును నేర్పుగా అతికి పూజకు యోగ్యము చేసెను. దెబ్బతిన్న దేహమును విడువక సేవించుట వారు తమ యౌవనముననే, భగవంతుని దేహమందే నేర్పిరి. ముప్పది యేండ్లకు ఆ సేవ వారి దేహమునకే కావలసివచ్చెను.

మధ్యకాలపు సాధనలను, శిష్యులు వచ్చి చేరుటను ఇచ్చట విస్తరింపను. అవి తెలుగున అనేక గ్రంథములలో నున్నవి.

1885వ సంవత్సరము వేసవిలో వారికి కంఠమున నొప్పి మొదలయ్యెను. ఎక్కువగా మాటలాడుటచే వచ్చిన బాధయని తొలుత తలచిరి. ఆ జ్యేష్ఠమాసమున పానిహాటి గ్రామమున అటుకుల ఉత్సవము జరిగెను. నిత్యానందప్రభువు ఆజ్ఞచే రఘునాథదాసు భక్తులందరకు అటుకులు పెరుగు సంతర్పణ చేసిన దినమది, గౌడీయ వైష్ణవులకు గొప్ప పండుగ. వైద్యులు వారించుచున్నను పరమహంసలవారు పోయి సంకీర్తనమున మైమరచిరి. తిరిగి వచ్చిన పిమ్మట నొప్పి హెచ్చెను. కొన్నాళ్లకు కంఠమునుండి రక్తము పడెను.

సెప్టెంబరు మాసమున వారిని కలకత్తాకు తీసికొనివచ్చి బలరామ బోసు ఇంట దింపిరి. ఈ బలరామబాబు తరతరముల వైష్ణవుడు. ఒరిస్సాలో భూములు గలవాడు, ఇంట జగన్నాథస్వామి నిత్యసేవ గలవాడు. ఆ యింటి అన్నము పరిశుద్ధమని పరమహంసలవారు ముందునుండియు మెచ్చువారు. అచ్చటికి గంగాప్రసాదసేనుడు మొదలగు ప్రసిద్ధ కవిరాజులు వచ్చి పరీక్షించి, ఇది రోహిణి యని నిర్ణయించిరి. సుశ్రుతసంహిత నిదానస్థానమున కంఠరోగములలో రోహిణి చెప్పబడియున్నది. ఇంగ్లీషు వైద్యులు దీనినే క్యాన్సరనిరి. పేరేదైనను ఆనాడు దానికి మందు లేదు. ఎక్సురే కిరణములు కనుగొనబడినది 1895లో, రేడియము 1898లో. నేడు మన ఆసుపత్రులలో జరుగు కిరణచికిత్సకు ఈ రెండే మూలము. 1885లోని రోగికి మిగిలినది నొప్పి తగ్గించుకొనుట, మ్రింగగలిగినది మ్రింగుట.

అక్టోబరునందు శ్యామపుకూరు వీధిలో ఒక యిల్లు అద్దెకు తీసికొనిరి. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు వైద్యము చేయుటకు వచ్చెను. ఇంగ్లీషు వైద్యమున ఎం.డి. పట్టము పొంది, పిదప హోమియోపతికి మారిన ధీరుడాయన. 1876లో భారతీయ విజ్ఞానపరిషత్తును స్థాపించినదియు ఆయనయే. విశాఖపట్టణమున బాల్యవిద్య నేర్చిన చంద్రశేఖర వేంకట రామన్ 1928లో లోకప్రసిద్ధమైన తన కాంతిఫలితమును కనుగొన్నది ఆ సంస్థలోనే. సర్కారుగారు అవతారవాదమును అంగీకరింపలేదు, శిష్యులతో గట్టిగా వాదించువారు. అయినను ఖర్చు భక్తులు కలసి భరించుచున్నారని తెలిసిన పిమ్మట రుసుము పుచ్చుకొనుట మానిరి. పది నిమిషములకు వచ్చి గంటలకొలది కూర్చుండువారు. నమ్మకము లేని వైద్యుని భక్తులు తరిమివేయలేదు, భక్తులతో పొసగక వైద్యుడు రోగిని విడిచిపోలేదు. ఇది చిన్న విషయము కాదు.

పథ్యము వండుటకు దక్షిణేశ్వరమునుండి శారదాదేవి వచ్చెను. అచ్చట ఆమె నగారాఖానాలోని యిరుకు గదిలో సంవత్సరములకొలది పరులకంట బడక బ్రదికిన యిల్లాలు. శ్యామపుకూరు ఇంటిలో స్త్రీలకు వేరు చోటు లేదు, స్నానపుగది అందరకు నొక్కటే. ఆమె తెల్లవారుజామున మూడుగంటలకు ముందే లేచి స్నానముచేసి, మేడపై తలుపు ప్రక్కనున్న నాలుగు మూరల చోటునకు ఎక్కిపోవును. అచ్చటనే పగలంతయు వంట, జపము. రాత్రి పదునొకండు గంటలకు గాని క్రిందికి దిగి నిద్రింపదు. ఆమె ఆ యింట నున్నట్లే చాలమందికి తెలియలేదట. రోగి ప్రక్కన గుమిగూడినవారి పేర్లు అందరకు తెలియును, పొయ్యి దగ్గర నున్నవారిని అడుగువారు తక్కువ.

కలకత్తా గాలి సరిపడదని వైద్యులు చెప్పుటచే 1885 డిసెంబరు 11వ తేదీన ఊరివెలుపల కాశీపురపు తోటయింటికి మారిరి. అద్దె నెలకు 80 రూపాయలు. ఆకాలమున అది పెద్ద మొత్తము. సురేంద్రనాథ మిత్రుడు అద్దె తన భారమనెను. బలరామబాబు పథ్యమునకు కావలసిన సంభారములు పంపెను. తక్కిన గృహస్థులు తలకొంత చేర్చిరి. గృహస్థులకు ఉద్యోగములు, సంసారములు ఉన్నవి గనుక రాత్రింబగళ్లు కావలియుండుటకు పిన్నవారు పూనుకొనిరి. వారిలో నరేంద్రుడు, అనగా తరువాతి వివేకానందస్వామి, ముఖ్యుడు. 1884లో ఆయన తండ్రి గతించెను, ఇంట దారిద్ర్యము, వ్యాజ్యము. శశి కాలేజీ చదువు విడిచి వచ్చెను. వయసున పెద్దవాడైన గోపాలుడు వేళకు మందు పోయుటను తన వంతు చేసికొనెను. లాటు, రాఖాలుడు, బాబూరాముడు, నిరంజనుడు మొదలగువారు వంతులు వేసికొనిరి.

అందరును మహాత్ములగుటచే ఏ కలతయు కలుగలేదని వ్రాసిన అది అసత్యమగును. ఖర్చు పెరుగుచున్నది, సేవకులు ఇంతమంది ఏల, లెక్క వ్రాయవలెనని గృహస్థులలో కొందరనిరి. పిన్నవారికి కోపము వచ్చెను. ఆ గృహస్థుల ధనమే వలదను వరకు మాట పోయెను. కొన్నినాళ్లకు సమాధానపడిరి. రోగి యున్న ఏ యింటనైన అన్నదమ్ముల నడుమ ఇట్టి మాట పుట్టక మానదు. అందరును తండ్రిని ప్రేమించువారే యగుటచేతనే అది అంత ఘాటుగా నుండును.

ఇక భయము. ఈ వ్యాధి అంటునను వదంతి పుట్టి, సేవచేయు పిన్నవారిలో కొందరు వెనుకాడజొచ్చిరి. అది కనిపెట్టి నరేంద్రుడు, గురువు త్రావి విడిచిన గంజి, కంఠస్రావము కలసియున్నదానిని, అందరు చూచుచుండగా త్రాగివైచెను. ఆపై ఎవరును ఆ మాట ఎత్తలేదు. క్యాన్సరు అంటురోగము కాదని నేడు మనకు తెలియును. అయినను రోగి గ్లాసు వేరుగా పెట్టు ఇండ్లు ఇప్పటికిని ఉన్నవి.

దుర్గాచరణ నాగుడను గృహస్థ శిష్యుడు మరియొక దారి పట్టెను. ఆ రోగమును తన దేహమునకు ఆకర్షించుకొనవలెనని సంకల్పించి సమీపించెను. పరమహంసలవారు అది గ్రహించి ఆయనను దూరముగా నెట్టివైచిరి. ఇచ్చట శ్రీవైష్ణవులకు మాఱనేరినంబి స్మృతికి వచ్చును. ఆళవందారులకు రాచపుండు బాధించినప్పుడు ఆ బాధను ప్రసాదముగా యాచించి పుచ్చుకొన్నాడనియు, ఆయనకు తుదివరకు అన్నము పెట్టి, కులభేదము పాటింపక అంత్యసంస్కారము చేసినవారు పెరియనంబియనియు గురుపరంపర చెప్పుచున్నది. యామునులు ఇచ్చిరి, పరమహంసలు ఈయలేదు. ఏది గొప్ప యను విచారణ నాకు అనవసరముగా తోచును. తండ్రి యెప్పుడును తన బాధ బిడ్డకు రాకూడదనియే కోరును, బిడ్డ యెప్పుడును రావలెననియే కోరును. ఆ నాగుడే మరియొకప్పుడు, గురువు ఉసిరికాయ కావలెనని యడుగగా, కాలముకాని కాలమున మూడుదినములు తోటలన్నియు వెదకి తెచ్చి యిచ్చెను. నెట్టివేయబడిన సేవకంటె ఈ ఉసిరికాయ సేవయే గురువునకు చేరినది.

శారదాదేవి ఒకనాడు రెండున్నర సేర్ల పాలగిన్నెతో మెట్లెక్కుచు కన్నులు తిరిగి పడెను. చీలమండ తొలగెను. మూడుదినములు ఆమె మేడమీదికి పోలేకపోయెను. పరమహంసలవారు ఆ నొప్పిలోను, ముక్కున ముక్కరయున్నట్లు వ్రేలితో త్రిప్పి సైగచేసి, ఆమెను బుట్టలో కూర్చుండబెట్టి ఎత్తుకొనిరమ్మని బాబూరామునితో పరిహాసమాడిరి. అందరును నవ్విరి. మరణము సమీపించిన యింటిలో నవ్వు దోషము కాదు.

ఆమె తారకేశ్వరము పోయి స్వామి సన్నిధిలో రెండుదినములు అన్నోదకములు మాని ప్రాయోపవేశము చేసెను. రాత్రి కుండల దొంతర పగిలినట్లు చప్పుడు వినబడి, ఈ లోకమున ఎవరికెవరని వైరాగ్యము తోచి, లేచి వచ్చివేసెను. ఇంటికి రాగానే మరల పొయ్యి రాజవేసెను.

ఇక మొదట చెప్పిన ప్రశ్న. యోగులు మనసును వ్యాధిస్థానమున నిలిపి మాన్పుకొందురని శాస్త్రమున నున్నది గదా యని శశధర తర్కచూడామణి యను పండితుడు అడిగెను. ఈశ్వరునకు ఇచ్చిన మనసును తిరిగి తీసికొని ఈ రక్తమాంసములమీద పెట్టుట ఎట్లని వారు ప్రతివచనమిచ్చిరి. పండితుడు పోయిన తరువాత నరేంద్రాదులు విడువలేదు. తమకొరకు కాకున్నను మాకొరకు తల్లిని అడుగుడని పట్టుపట్టిరి. బిడ్డల బలవంతముచే వారు అడిగిరి. ఏమి సెలవాయెనని నరేంద్రుడు మరల వచ్చి ప్రశ్నింపగా, ఈ కంఠముతో తినలేకున్నాను, కొంచెము తినునట్లు చేయుమంటిని, ఇందరి నోళ్లతో తినుచున్నావు గదా యని తల్లి మీ అందరను చూపినది, సిగ్గుపడి మరి మాటలాడలేకపోతినని చెప్పిరి. నరేంద్రుడు నిరుత్తరుడయ్యెను. అది వైద్యము ఆపవలెనను ఉత్తరువు కాదు. ఆ మరునాడును మందు పోసిరి, గంజి వండిరి. మెడికల్ కాలేజీ ప్రిన్సిపాలు డాక్టరు కోట్సుగారికిని చూపించిరి.

1886 ఆగస్టు 15వ తేదీన శారదాదేవి వండుచున్న కిచిడీ అడుగంటెను. ఆ రాత్రి వారు కొంచెము పాయసము పుచ్చుకొనిరి. శశి విసరుచుండెను, నరేంద్రుడు పాదములు ఒత్తుచుండెను. అర్ధరాత్రి దాటి ఒంటిగంట రెండు నిమిషములకు, అనగా 16వ తేదీన, కాళీనామము ముమ్మారు పలికి సమాధిని పొందిరి. వయసు ఏబది. ఆ సాయంకాలము గంగాతీరమున కాశీపురపు రేవులో దహనసంస్కారము జరిగెను. ముప్పదిరెండేండ్ల శారదాదేవి గాజులు తీయబోగా వారు దర్శనమిచ్చి, తామెక్కడికిని పోలేదని వారించిరట. ఆమె గాజులు తీయలేదు.

తోటయింటి గడువు తీరెను. పిన్నవారిని వారివారి యిండ్లకు పంపుట సులభమే. సురేంద్రనాథుడు అద్దె యిచ్చుట మానక, వరాహనగరమున ఒక పాతయిల్లు వారికి కుదిర్చెను. అచ్చట శశి గురువు చిత్రమును ఉంచి, కాశీపురమున ఏవేళకు ఏమి చేసెనో ఆవేళకు అదే చేయుచు వచ్చెను. తెల్లవారగనే పలుదోముపుల్ల, వేళకు అన్నము, ఎండవేళ విసనకఱ్ఱ. 1897లో వివేకానందులు ఆయనను చెన్నపట్టణమునకు పంపిరి. అప్పటికాయన రామకృష్ణానందస్వామి. సముద్రతీరమున ఐస్‌హౌసు అను భవంతిలో ఉండి, భగవద్రామానుజుల చరిత్రమును వంగభాషలో వ్రాసెను. మాఱనేరినంబి గురుసేవను ఎరిగినవాడే దానిని వ్రాయుట తగియున్నది.

1911లో ఆయనయే శారదాదేవిని దక్షిణదేశమునకు రప్పించి రామేశ్వరదర్శనము చేయించెను. తిరుగుప్రయాణమున ఆమె రాజమహేంద్రవరమున దిగి గోదావరీస్నానము చేసెను. ఆ యేడే ఆగస్టు 21వ తేదీన రామకృష్ణానందులు క్షయవ్యాధిచే కలకత్తాలో దేహము చాలించిరి. చెన్నపట్టణపు ఉక్కరాత్రులలో ఆయన నిదురలేచి, స్వామికి ఉక్కపోయుచున్నదని, ఆ చిత్రమునకు తెల్లవారువరకు విసరుచు నిలుచువాడట.