శరణార్థుల అండ: జనాబ్ సద్రుద్దీన్ ఆగాఖాన్

మక్కా విడిచిన ముస్లిములకు హబషా రాజు నజాషీ ఆశ్రయమిచ్చిన సంగతి మన పిల్లలందరికీ తెలిసిందే. మన కాలంలో ఆ పనికే పూనుకున్న జనాబ్ సద్రుద్దీన్ ఆగాఖాన్‌ను గురించి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సోదర సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పదలిచాము.

మూడవ ఆగాఖాన్ కుమారుడైన ఆయన 1933లో జన్మించారు. 33వ ఏటనే ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ అయి, 1977 దాకా పనిచేశారు. 1951 నాటి శరణార్థుల ఒడంబడిక ఆ సంవత్సరానికి ముందటి సంఘటనల వల్ల నిలువ నీడ పోయినవారికే వర్తించేది. తర్వాత ఆఫ్రికాలో దిక్కులేనివారైన లక్షలమందికి అది అక్కరకు రాలేదు. ఆయన హయాంలోనే 1967 ప్రోటోకాల్ ఆ గడువును తీసేసింది. అందులో చేరండని ఆయన ప్రభుత్వాలను కోరుతూ వచ్చారు. 1971లో తూర్పు పాకిస్తాన్ నుండి సుమారు కోటిమంది మన దేశానికి వస్తే సమితి సహాయాన్ని సమకూర్చిందీ ఆయనే. 2003లో కన్నుమూశారు.

కోటిమందికి అన్నం పెట్టిన మన దేశం ఆ ఒడంబడికలో మాత్రం ఇంకా చేరలేదు. దయ ఇవాళ ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. సంతకం పెడితే అది హక్కు అవుతుంది. హైదరాబాదులో తలదాచుకున్న రోహింగ్యా కుటుంబాలకు ఈ తేడా బాగా తెలుసు. వారికి బియ్యం, దుప్పట్లు పంపుదాం. సంతకం సంగతి మన పార్లమెంటు సభ్యులను కూడా అడుగుదాం. అదే మర్హూమ్‌కు మనమిచ్చే నివాళి అని మేము భావిస్తున్నాము.