లూయీ కెమిల్ మయార్

లూయీ కెమిల్ మయార్ (1878 ఫిబ్రవరి 4 - 1936 మే 12) ఫ్రాన్సు దేశానికి చెందిన వైద్యుడు, రసాయన శాస్త్రవేత్త. చక్కెరలకు, అమైనో ఆమ్లాలకు మధ్య జరిగే చర్యను ఈయన 1912లో వివరించాడు. ఆ చర్యకు ఈయన పేరే స్థిరపడింది. ఆంగ్ల ఉచ్చారణను అనుసరించి దానిని మెయిలార్డ్ చర్య అని వ్రాయడం కూడా కద్దు.

జీవితం

మయార్ లొరైన్ ప్రాంతంలోని పోంతామూసోఁ పట్టణంలో జన్మించాడు. నాన్సీ విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రం, వైద్యం అభ్యసించి అక్కడే వైద్య కళాశాలలో రసాయన శాస్త్రం బోధించాడు. 1914లో పారిస్ చేరాడు. 1919లో అల్జీర్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. మూత్రపిండాల వ్యాధులపై కూడా కృషి చేశాడు. పారిస్‌లో మరణించాడు.

మయార్ చర్య

అమైనో ఆమ్లాలను ఒకదానితో ఒకటి కలిపి పెప్టైడులను తయారు చేయాలన్నది ఈయన అసలు ఉద్దేశం. మొదట గ్లిసరిన్‌ను వాడి చూచాడు, తరువాత చక్కెరలను ఎంచుకున్నాడు. గ్లైసిన్, గ్లూకోజుల ద్రావణాన్ని వేడిచేయగా అది గోధుమరంగుకు తిరిగి బొగ్గుపులుసు వాయువును వెలువరించింది. దోసె ఎర్రగా కాలడానికి, రొట్టె పైపొర రంగుకు కారణం ఈ చర్యయే. వంటశాస్త్రంలో ఈయన పేరు ఎక్కువగా వినబడేది అందువల్లనే. అయితే ఈ చర్య ప్రాముఖ్యత శరీరధర్మ శాస్త్రానికి, మధుమేహం వంటి వ్యాధులకు కూడా విస్తరిస్తుందని మయార్ అప్పుడే ఊహించాడు. ఇన్సులిన్ చికిత్స మొదలైనది 1922లో మాత్రమే కనుక ఈ ఊహ విశేషమైనది.

మధుమేహంతో సంబంధం

ఈ ఊహ రుజువు కావడానికి అర్ధశతాబ్దం పైగా పట్టింది. 1968లో టెహ్రాన్‌లో సామ్యూల్ రహ్‌బర్ మధుమేహ రోగుల రక్తంలో ఒక అసాధారణ హీమోగ్లోబిన్‌ను గమనించాడు. అది గ్లూకోజు అతుక్కున్న హీమోగ్లోబిన్ అని తరువాత తేలింది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తుంది. కాబట్టి అతుక్కున్న చక్కెర పాలు గడచిన రెండు, మూడు నెలల సగటు గ్లూకోజును తెలుపుతుంది. హెచ్‌బీఏ1సీ పరీక్షకు ఆధారం ఇదే. దీని విలువ 6.5 శాతం లేదా అంతకు మించితే మధుమేహంగా నిర్ధారించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో పేర్కొన్నది.

ఈ చర్యకు ఎంజైములు అవసరం లేదు. ఎంజైములే మాంసకృత్తులకు చక్కెరలను చేర్చే గ్లైకోసిలేషన్ వేరు, ఇది వేరు. పాత పుస్తకాలలో ఈ రెండు పేర్లూ కలగాపులగంగా కనిపిస్తాయి. గ్లూకోజు మొదట మాంసకృత్తుల అమైనో భాగంతో తిరిగి విడిపోగల బంధం ఏర్పరుస్తుంది. అది క్రమంగా మరింత స్థిరమైన అమడోరి పదార్థంగా మారుతుంది. వారాలు, నెలలు గడిచేసరికి విడదీయరాని అంత్య పదార్థాలు తయారవుతాయి. కొల్లాజెన్, కంటి కటకంలోని మాంసకృత్తులు దీర్ఘకాలం మారకుండా ఉంటాయి కనుక వాటిలో ఇవి పేరుకొంటాయి. కొల్లాజెన్ పోగులు అడ్డబంధాలతో బిగుసుకొని రక్తనాళాలు గట్టిపడతాయి. మధుమేహంలో మూత్రపిండాలు, రెటీనా, నరాలు దెబ్బతినడానికి గల కారణాలలో ఇది ఒకటి. గ్లూకోజును తరువాత అదుపులోకి తెచ్చినా, అప్పటికే ఏర్పడిన ఈ పదార్థాలు సులభంగా తొలగిపోవు.