కర్జనుప్రభువును ప్రాచీన కట్టడములును

కర్జనుప్రభువు పేరు వినినతోడనే ఆంధ్రులకు వంగవిభజనము జ్ఞప్తికి వచ్చుట సహజము. 1905లో ఆయన గావించిన ఆ యకార్యమువలననే వందేమాతరోద్యమము మన కృష్ణా గోదావరీ మండలములవఱకును ప్రాకెను. ఆ విషయమున మేమాయనను సమర్థింపబోము. అయినను ఆయన చేసిన మఱియొక పనిని మఱుగుపఱచుట న్యాయము కాదని మా యభిప్రాయము.

1859లో ఇంగ్లాండునందలి కెడల్‌స్టన్ భవనమున జన్మించిన యీతడు, పారసీకాది దేశములు సంచరించి, నలువదియేండ్లు నిండకమునుపే 1899లో రాజప్రతినిధియై వచ్చెను. కలకత్తాలో తాను కాపురముండిన గవర్నమెంటు హౌసు ఆ కెడల్‌స్టన్ నమూనాపై కట్టినదే యగుట యొక విచిత్రము.

దేశసంచారమున ఆయన కన్నులబడినది దొరతనమువారి నిర్లక్ష్యమే. లాహోరు కోటలోని మోతీమసీదు ఖజానాగా నుండెను. జాలరపు రాతికిటికీలకు ప్రసిద్ధిగాంచిన అహమ్మదాబాదు సిద్ది సయ్యదు మసీదున తహశ్శీలుదారు కచ్చేరి నడచుచుండెను. బిజాపురమున నొక మసీదు డాకుబంగళా అయ్యెను. మాండలే రాజప్రాసాదమున దొరల క్లబ్బు వెలసెను. కాలము చేసిన చెఱుపు కాదిది, అధికారుల సౌకర్యము చేసిన చెఱుపు. కర్జను వీరినందఱను ఖాళీ చేయించెను. జీర్ణోద్ధరణమునకు సున్నము, ఇటుకలకన్న ముందు కావలసినది ఇట్టి ధైర్యమే.

నేడు లక్షలకొలది యాత్రికులు టిక్కెట్టు కొని చూచుచున్న తాజుమహలునకు పోవు దారిలోని గుడిసెలను తీయించి, కాలువలను జలయంత్రములను బాగుచేయించినది ఆయనయే. తోటలోని చెట్లను పలుచన చేసి పచ్చికబయళ్లు పెంచుట మాత్రము మొగలాయి సంప్రదాయము కాదు, ఆంగ్లేయుల యభిరుచి. 1857 తరువాత ఒక ఆంగ్ల సైనికాధికారి ఢిల్లీకోటలోని దివానీ ఆమ్ నుండి పెఱికికొనిపోయి అమ్ముకొనిన పొదుగురాతి పలకలను లండనునుండి మరల తెప్పించెను.

దిక్కులేక యున్న పురావస్తుశాఖకు 1902లో ఇరువదియైదేండ్ల జాన్ మార్షలును అధిపతిని చేసెను. 1904లో ప్రాచీన కట్టడముల సంరక్షణచట్టమును చేయించెను. 1927 మొదలుకొని మన నాగార్జునకొండను త్రవ్వి వెలికిదీసినది ఈ శాఖయే.

సేనాని కిచ్చెనరుతో కలహించి 1905లో పదవి వదలి స్వదేశము చేరినపిదపను ఈ యాసక్తి ఆయనను వీడలేదు. 1911లో టాటర్‌షాలు కోటను కొని, వర్తకులు ఊడబెఱికి అమెరికాకు సాగనంపజూచిన దాని రాతి చలిమంటగూళ్లను పట్టి తెచ్చి యథాస్థానమున నిలిపెను. 1925లో మరణించుచు ఆ కోటను, బోడియం కోటను నేషనల్ ట్రస్టునకు వ్రాసియిచ్చెను.

ఆయన పుట్టిన 1859లోనే మన అమరావతి శిలలు మదరాసున ఓడకెక్కినవి. స్వదేశపు రాళ్లు సముద్రము దాటకుండ అడ్డుపడిన ఆ ప్రభువు కాలమునను అవి తిరిగి రాలేదు. నేటికిని బ్రిటిషు మ్యూజియములోనే యున్నవి.