ఎ.ఎస్.రావు గారు – మన కంప్యూటరు మెమరీ కథ

మన లింగంపల్లి నగరానికి ఈ చివర ఉంటే, ఎ.ఎస్.రావు నగర్ ఆ చివర ఉంది. ఆ పేరు విననివారు ఉండరు గానీ, ఆ రావు గారెవరో మన హాస్టల్లో చాలామందికి తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలియదు.

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామంలో జన్మించారు. చిన్నతనంలో చదువు కోసం చాలా కష్టపడ్డారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్సీ. చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. తరువాత టాటా స్కాలర్‌షిప్‌తో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్ళారు. తిరిగి వచ్చి హోమీ భాభా గారి అణుశక్తి బృందంలో చేరారు. 1956లో ట్రాంబేలో మొదలైన అప్సర రియాక్టరుకు కంట్రోలు పరికరాలు తయారుచేసింది రావు గారి బృందమే.

1967లో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సంస్థ ఆయన సారథ్యంలో ప్రారంభమైంది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 అనే కంప్యూటరును 1969 నాటికి ఈ సంస్థ బయటకు తెచ్చింది. దాని మెమరీ గురించి చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. అందులో చిప్పులు లేవు. ఆవగింజంత అయస్కాంత వలయాల గుండా సన్నని తీగలు దూర్చి అల్లిన జల్లెడ లాంటిది ఉండేది. దానినే కోర్ మెమరీ అంటారు. వలయం ఒక దిక్కుకు అయస్కాంతమైతే 1, రెండో దిక్కుకైతే 0. ఒక్కో వలయంలో ఒక్క బిట్టే! 12 బిట్ల మాటలు 4,096 దాచాలంటే 49,152 వలయాలు కావాలి. ఈనాడు 8 జి.బి. ర్యామ్ ఉన్న ఫోనులో 6,800 కోట్లకు పైగా బిట్లు ఇముడుతున్నాయి.

అయితే ఒక్క విషయంలో ఆ పాతదే మేలు. కోర్ మెమరీలో కరెంటు పోయినా రాసింది చెరిగిపోదు. చదివినప్పుడు మాత్రం చెరిగిపోతుంది, అందుకని యంత్రమే వెంటనే మళ్ళీ రాసుకునేది. ఇప్పటి ర్యామ్ వేగంగా పనిచేస్తుంది గానీ కరెంటు పోతే అంతా ఖాళీ. కంప్యూటరు క్లాసులో సేవ్ చేయకుండా గంటసేపు టైపు చేసి ఏడుపుముఖం పెట్టినవాళ్ళకు ఇది బాగా తెలుసు. అందుకే నిలవ ఉండాల్సినవి హార్డ్ డిస్కులో, పెన్ డ్రైవులో దాస్తాం. కంప్యూటరు ఆన్ కాగానే మొదట చేయాల్సిన పనులు రామ్ అనే మరో చిప్పులో ఉంటాయి, ఆంగ్లంలో ఆర్.ఓ.ఎం. (ర్యామ్‌తో కలిపేయకండి, పరీక్షలో నేను కలిపేశాను.)

ఇ.సి.ఐ.ఎల్. కంప్యూటర్లకు ధర ఎక్కువ, రావడం ఆలస్యం అని విమర్శలు వచ్చాయి. అవి పూర్తిగా తప్పని అనలేం. కానీ విదేశీ యంత్రాన్ని కొని వాడటం వేరు, మనమే చేయడం నేర్చుకోవడం వేరు. రావు గారు రెండోదే ఎంచుకున్నారు.

ఆయనకు 1960లో పద్మశ్రీ, 1965లో భట్నాగర్ బహుమతి, 1972లో పద్మభూషణ్ లభించాయి. 2003లో కన్నుమూశారు. ఇ.సి.ఐ.ఎల్. దగ్గరి కాలనీకి ఆయన పేరే ఉంది.