పీఠం ఒకచోట, పని మరొకచోట: బిషప్ డేనియల్ మర్ఫీ

పాతబస్తీలో పుట్టి పెరిగి, నయాపూల్ దాటి గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ పాఠశాలలో చదువుకున్నవారు మన కుటుంబాలలో కొందరైనా ఉంటారు. 1855లో ఆ పాఠశాల ఎవరి హయాంలో మొదలైందో ఆ బిషప్ డేనియల్ మర్ఫీ గారిని ఈ ప్రత్యేక సంచికలో స్మరించుకుందాం.

మర్ఫీ గారు 1815లో ఐర్లండులోని కార్క్ ప్రాంతంలో జన్మించారు. మేనూత్ కళాశాలలో చదివి, 1838లో గురుపట్టం పొంది, మద్రాసు మిషనుకు వచ్చారు. అక్కడినుండి సికింద్రాబాదు దండులోని ఐరిష్ సైనికుల కోసం వచ్చి సెయింట్ మేరీస్ చర్చి కట్టించారు. అది 1850లో పూర్తయింది.

1846లో ఆయన బిషప్ అయ్యారు. అయితే ఆయనకు దక్కిన పీఠం హైదరాబాదు కాదు, ఫిలడెల్ఫియా! అమెరికాలోనిది కాదు, అదే పేరుగల పశ్చిమాసియాలోని ప్రాచీన నగరం. బిషప్ అన్నవారికి ఏదో ఒక పీఠం ఉండితీరాలన్నది క్యాథలిక్ సంప్రదాయం. మిషను ప్రాంతాలలో అప్పటికి మేత్రాసనాలు లేవు. అందుచేత, ఒకనాడు బిషప్పులుండి తరువాత మేత్రాసనం అంతరించిన నగరం పేరును వారికి ఇచ్చేవారు. దానివల్ల అక్కడ అధికారమూ లేదు, అక్కడికి వెళ్ళవలసిన పనీ లేదు. ఈ పద్ధతి నేటికీ ఉంది.

1851లో హైదరాబాదు ప్రత్యేక వికారియేటు అయింది. దాని బాధ్యత మర్ఫీ గారికే అప్పగించారు. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వంలో పాతబస్తీ జనం మూసీ దాటి కోఠి రెసిడెన్సీపై దాడి చేశారు. అంతటి కల్లోలం తరువాత కూడా ఆయన మరికొన్నేళ్ళు ఇక్కడి బాధ్యతలోనే కొనసాగారు.

1865లో ఆయనను ఆస్ట్రేలియా దక్షిణాన టాస్మేనియా దీవిలోని హోబార్ట్‌కు బిషప్‌గా నియమించారు. మరుసటి సంవత్సరం సన్యాసిని అయిన సోదరితోనూ, ఆమె బృందంతోనూ అక్కడికి చేరి, బాలికల విద్యకు బాట వేశారు. ఖగోళశాస్త్రమంటే ఆయనకు మక్కువ. 1888లో ఆర్చిబిషప్ అయ్యారు. పదవీ విరమణ ఎరుగని ఆయన 1907 డిసెంబరు 29న, 92వ ఏట కన్నుమూశారు.

హైదరాబాదు మేత్రాసనం ఏర్పడింది 1886లో. అంటే, ఇక్కడ ఇన్నేళ్ళు శ్రమించినా ‘హైదరాబాదు బిషప్’ అన్న హోదా ఆయనకు దక్కనేలేదు. మనలోనూ ఒక ఊరి పోస్టులో ఉంటూ మరో ఊరిలో పనిచేసినవారు ఉన్నారు. సర్వీసు పుస్తకంలో ఏ ఊరి పేరు ఉన్నా, చేసిన పని మాత్రం చేసినచోటే నిలుస్తుంది. ఆ బడి, ఆ గుడి అందుకు సాక్ష్యం.