శ్రీమతి కందుకూరి రాజ్యలక్ష్మమ్మగారి సేవాచరిత్రము

చట్టము పుట్టినంతమాత్రమున దీనుల దుఃఖము తీఱదు. హిందూ వితంతువుల పునర్వివాహము చెల్లునని 1856వ సంవత్సరముననే శాసనము పుట్టినది. అట్టి వివాహమువలనఁ గలిగిన సంతానమును ధర్మసంతానముగా నది యంగీకరించెను. కాని యా శాసనమే మొదటి భర్త యాస్తిలో నామెకుఁ గల హక్కును దొలఁగించెను. కావున ధైర్యముచేసి వచ్చిన బాలిక వట్టిచేతులతోనే రావలసియుండెను. ఆమెకు వండిపెట్టుటకును, పురుడు పోయుటకును, కన్నీరు తుడుచుటకును చట్టమునకుఁ జేతు లెక్కడివి? ఆ కొఱఁతఁ దీర్చిన యిల్లాలు వీరేశలింగము పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు.

ఈమె 1851వ సంవత్సరమున రాజమహేంద్రవర సమీపమందలి కాతేరు గ్రామమున జన్మించెను. పుట్టినింటి పేరు బాపమ్మ. 1861లో వివాహమగునప్పటికి వరునికి 13 ఏండ్లు. వధువున కింకను పదేండ్లు నిండలేదు. రాజ్యలక్ష్మి యన్నది యత్తవారింటఁ బెట్టిన పేరు. ఆ దంపతులకు సంతానము కలుగలేదు. ఆ లోపమును దలఁచి యామె కుమిలి కూర్చుండలేదు, దిక్కులేనివారికెల్లఁ దల్లియయ్యెను.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీని పంతులుగారి యింట మొదటి వితంతు వివాహము జరిగెను. ఊరెల్ల నెదురు తిరిగెను. పంతులుగారి శిష్యులు వీథులలోఁ గాపు నిలిచిరి. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. కాని ధనముతోఁ దీఱని యక్కఱ యొకటి మిగిలెను. వెలికి వెఱచి వంటవారును, నీళ్లు మోయువారును రాక మానిరి. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే కడవ చంకనిడి గోదావరికిఁ బోయి నీరు తెచ్చిరి. తామే పొయ్యి రాజేసి వచ్చినవారి కెల్ల వండి వడ్డించిరి. ఆనాఁ డాయమ్మ వెనుదీసియున్నయెడల పంతులుగారి వాదములన్నియుఁ బత్రికలయందే నిలిచిపోయెడివి.

పెండ్లితో వారి పని ముగియలేదు; నిజమునకు మొదలయ్యెను. పుట్టినిల్లును, బంధుకోటియు విడిచివచ్చిన యాఁడుపిల్లకుఁ దొలి కానుపువేళ తల్లివలె నిలుచువా రెవరు? జ్వరము వచ్చినప్పుడు పథ్యము పెట్టువా రెవరు? ఈ పనులన్నియు రాజ్యలక్ష్మమ్మగారి చేతులమీఁదుగా జరిగెను. పంతులుగారి జీవితకాలమున సుమారు 40 వితంతు వివాహములు జరిగెనని లెక్కించుచుందురు. ఆ లెక్కవెనుక నొక యిల్లాలు మోసిన కడవల లెక్క యెవ్వరును వ్రాసిపెట్టలేదు.

అయినను, ఒక యింటి యిల్లాలి శరీరబలముపై నాధారపడిన ధర్మ మెన్నాళ్లు నిలుచును? ఈ సంగతిని దంపతులు గ్రహించిరి. 1905లో రాజమహేంద్రవరమున వితంతు శరణాలయము నెలకొనెను. 1906లో పంతులుగారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యాస్తినంతయు దాని కర్పించిరి. అంతవఱ కొక గృహిణి దయగా నున్నది సమాజ ధర్మమయ్యెను. 1910వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీని రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. పంతులుగారు 1919లో గతించిరి. వారు పోయినను వారు నాటిన ధర్మము వారితోఁ బోలేదు. ఆమె పేరిట స్త్రీల కళాశాలయును రాజమహేంద్రవరమున వెలసెను.

విశాఖపట్టణ వాసులగు చదువరులారా! మన పట్టణమునకు 1933లో నౌకాశ్రయము వచ్చెను. పిదప నుక్కు కర్మాగారము వచ్చెను. వానివెంట స్వగ్రామములను, బంధువులను విడిచి వేలకొలఁది జనులు వచ్చి కాపురముండిరి. భర్తను గోలుపోయిన కూలిస్త్రీయు, దిక్కులేని శిశువును, కొడుకు దూరదేశమున నున్న వృద్ధుఁడును మన వీథులలోనే యున్నారు. వారికొఱకుఁ జట్టము లనేకములు గలవు. కాని చట్టమున కాఁకలియొద్దకు నడచిపోవు కాళ్లు లేవు. ఆ కాళ్లు మనవి కావలెను. మన మిచ్చెడి చందాతోపాటు వారమున కొక పూఁట యట్టివారి గడప త్రొక్కి యోగక్షేమములు విచారింతుమేని, అదియే రాజ్యలక్ష్మమ్మగారికి మనము చేయఁదగిన పూజ.